ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్‌లో పీజీకి డబ్బు దారి: ఒక అమ్మాయి కేసు

సివిల్‌లో బీటెక్ చేసి, మురుగునీటి శుద్ధి ప్లాంటులో ఉద్యోగం చేస్తూ, ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్‌లో మాస్టర్స్ చేయాలనుకున్న ఒక అమ్మాయి కేసు ఇది. పై చదువులకు డబ్బు ఎక్కడ దొరుకుతుందో చూసిపెట్టడం నా పని కాబట్టి ఇలాంటివాళ్లు చాలామంది వస్తుంటారు. ఈ ఒక్క కేసునే రాయడానికి ఒక కారణం ఉంది. మొదట్లో ఆమె డబ్బు కోసం ఎక్కడ అడిగినా కుదరలేదు. తర్వాత డబ్బు వచ్చినప్పుడు ఆమె మార్కులు మారలేదు, ఇంటి పరిస్థితి మారలేదు. మారిందేమిటన్నదే ఇక్కడ చెప్పబోయేది. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఊరు, కాలేజీ, కంపెనీ, చివరికి చేరిన యూనివర్సిటీ పేర్లు తీసేశాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను.

నేపథ్యం

తెలంగాణలో ఒక పల్లె. బీసీ కుటుంబం, మూడెకరాల పొలం. తండ్రి వ్యవసాయంతో పాటు మండల కేంద్రంలో ఒక ఎరువుల దుకాణంలో లెక్కలు రాస్తాడు. అమ్మాయి బీటెక్ ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో గడిచింది. 7.4 సీజీపీఏ, మధ్యలో ఒక బ్యాక్‌లాగ్, అది తర్వాత క్లియర్ అయింది. చదువు కాగానే హైదరాబాద్ శివార్లలో పెద్ద అపార్ట్‌మెంట్ల మురుగునీటి శుద్ధి ప్లాంట్లు (ఎస్‌టీపీలు) నడిపే ఒక కాంట్రాక్టు సంస్థలో చేరింది. పొద్దున్నే శాంపిల్ తీయడం, సీఓడీ (నీటిలో మలినాల కొలత), ఎస్‌వీ30 (అరగంటలో బురద ఎంత కిందికి దిగుతుందో చూసే పరీక్ష) చూడడం, బీఓడీ (సూక్ష్మజీవులు కుళ్లబెట్టే మలినాల కొలత) పరీక్షకు బయటి ల్యాబ్‌కు పంపడం, లాగ్‌బుక్ రాయడం, మోటారు ట్రిప్ అయితే ఎలక్ట్రీషియన్ వెంట పడడం ఆమె పని. జీతం పందొమ్మిది వేలు.

ఏ సమస్యతో వచ్చింది

ఏప్రిల్‌లో వచ్చింది. అప్పటికి ఆమె చేతిలో అమెరికా యూనివర్సిటీల నుంచి రెండు అడ్మిట్లున్నాయి, దేనికీ ఫండింగ్ లేదు. ఫీజులు, ఖర్చులు కలిపి రెండేళ్లకు నలభై ఐదు లక్షలు దాటుతుంది. సీటుకు డిపాజిట్ కట్టడానికి మూడు వారాల గడువు. అక్కడికి వెళ్లాక ఏదో ఒక ప్రొఫెసర్ దగ్గర జీతంతో పరిశోధన సహాయకురాలి పని (ఆర్ఏ) దొరుకుతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారట. జర్మనీ సంస్థ డీఏఏడీ ఇచ్చే ఈపోస్ స్కాలర్‌షిప్‌కు అంతకుముందు తనంతట తానే దరఖాస్తు పెట్టింది, తిరస్కరించారు. వీటికి తోడు నెట్‌లో దొరికినవన్నీ ఎక్కించిన ఒక ఎక్సెల్ షీటు: ఎన్విరాన్‌మెంటల్ విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు, ముప్పై పైచిలుకు వరుసలు.

తండ్రి కూడా వెంట వచ్చాడు. "అందరి పిల్లలు అమెరికాకే పోతున్నరు సార్. మా పిల్ల ఒక్కతే ఎందుకు ఆగాలె? పొలం కుదువ పెట్టనీకి నేను తయారే" అన్నాడు.

షీటుతో మొదలుపెట్టాం

నేను ముందు చూసేది ఎంత ఇస్తారన్నది కాదు. పౌరసత్వం ఏమిటి, ఏ స్థాయి చదువుకు, ఎంత పని అనుభవం అడుగుతున్నారు అన్న మూడు గడులు. ఆ మూడు గడులు నింపేసరికి షీటులో చాలా వరుసలు కొట్టేయాల్సి వచ్చింది. అమెరికా ఎన్‌ఎస్‌ఎఫ్ గ్రాడ్యుయేట్ రీసెర్చ్ ఫెలోషిప్ అక్కడి పౌరులకు, శాశ్వత నివాసులకే. నీటి రంగానికి ఇచ్చే ఏబెల్ వోల్మన్ ఫెలోషిప్, మన ప్రధానమంత్రి రీసెర్చ్ ఫెలోషిప్ (పీఎంఆర్‌ఎఫ్) రెండూ పీహెచ్‌డీ వాళ్లకు. అమెరికాలో చదివించే ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కు మూడేళ్ల ఉద్యోగానుభవం ఉండాలి, బ్రిటన్ ఇచ్చే చెవెనింగ్‌కు 2,800 గంటలు, అంటే దాదాపు రెండేళ్లు. అప్పటికి ఆమెకు రెండేళ్లు నిండలేదు. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీలకు, సంచార జాతులకు, భూమిలేని వ్యవసాయ కూలీల పిల్లలకు, ఇలా కొన్ని వర్గాలకే. 1892 నుంచీ ఉన్న జె.ఎన్. టాటా ఎండోమెంట్‌ది మంచి పేరే గానీ, అది రుణ స్కాలర్‌షిప్. తిరిగి కట్టాలి.

ఆ షీటులో లేనిది ఒకటుంది. గేట్ అర్హతతో ఎంటెక్‌లో చేరితే వచ్చే నెలకు 12,400 రూపాయలు, ఎక్కువలో ఎక్కువ 24 నెలలు. అది ఎవరికీ స్కాలర్‌షిప్‌లా అనిపించదు, అందుకే ఏ జాబితాలోనూ కనబడదు. కాలేజీకి సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ అనుమతి ఉంటే చాలు. ఐఐటీ, ఎన్‌ఐటీల్లోనూ మొత్తం అంతే. రాష్ట్ర ప్రవేశ పరీక్ష పీజీఈసెట్ మీద చేరినవాళ్లకు ఇది రాదు. ఈ తేడా తెలియక ఏటా చాలామంది నష్టపోతున్నారు.

అమెరికా లెక్క

డిపాజిట్ గడువు ముందుంది కాబట్టి మొదట తేల్చాల్సింది ఇదే. వద్దని చెప్పేయడం తేలిక, కానీ ప్రయత్నించకుండా వద్దంటే తండ్రి మనసులో అది ఎప్పటికీ మిగిలిపోతుంది. అందుకే మూడు వైపుల నుంచీ చూశాం.

ఒకటి, రాష్ట్ర ప్రభుత్వ మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ ఓవర్సీస్ విద్యానిధి. కుటుంబ ఆదాయం ఏడాదికి ఐదు లక్షల లోపుంటే 20 లక్షల దాకా ఇస్తారు. ఆమె అర్హురాలే. అయితే ఆ డబ్బులో సగం అక్కడ దిగి ఐ-94 (అమెరికాలో అడుగుపెట్టినట్టు రికార్డు) చూపించాక, మిగతా సగం మొదటి సెమిస్టర్ ఫలితాలు వచ్చాక అందుతుంది. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రానికి, వీసా ఇంటర్వ్యూకి మాత్రం మొదటి ఏడాది డబ్బు ముందే చూపించాలి. అంటే ఈ పథకం అప్పును తగ్గిస్తుంది, అప్పు అవసరాన్ని మొదట్లో తీసేయదు. ఎంపిక ఖాయం కాకముందే 20 లక్షలూ లెక్కలో వేసుకుని అప్పు చేసినవాళ్లను చూశాను కాబట్టి, దీన్ని వస్తే మంచిదన్న గడిలోనే పెట్టించాను.

రెండు, బ్యాంకు. ఏడున్నర లక్షలు దాటితే మామూలు విద్యారుణానికి ఆస్తి హామీ అడుగుతారు. ఇంటివాళ్లు పొలం ఉంది కదా అనుకున్నారు. అయితే వ్యవసాయ భూమి, బకాయిల వసూలుకు బ్యాంకులు వాడే 2002 నాటి సర్ఫేసీ చట్టం కిందికి రాదు. అప్పు మొండిబకాయి అయితే దాన్ని బ్యాంకు నేరుగా స్వాధీనం చేసుకోలేదు. అందుకే విద్యారుణానికి పొలం చూపిస్తే బ్యాంకులు చాలావరకు వెనక్కి తగ్గుతాయి. మిగిలింది హామీ లేకుండా ఇచ్చే ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలు, వాటి వడ్డీ ఎక్కువ. ఈ సంగతి తెలిసేసరికి తండ్రి ముఖంలో సగం బరువు దిగినట్టు కనిపించింది. అది నా ఊహ కూడా కావచ్చు.

మూడు, ఆర్ఏ. రెండు యూనివర్సిటీల్లోనూ నీటి మీద పనిచేసే ప్రొఫెసర్లకు ఆమె మెయిళ్లు పెట్టింది. జవాబు ఇచ్చినవాళ్లందరూ మర్యాదగా ఒకే మాట చెప్పారు: ఫండింగ్ పీహెచ్‌డీ విద్యార్థులకు, ఎంఎస్ వాళ్లకు ఇప్పుడే ఏమీ చెప్పలేం. ఇందులో ఆశ్చర్యమేమీ లేదు. ఆర్ఏ డబ్బు ప్రొఫెసర్ ప్రాజెక్టు గ్రాంటులోంచి వస్తుంది. గ్రాంటుకు నాలుగేళ్లు ల్యాబ్‌లో నిలబడే మనిషి కావాలి. ఎంఎస్ విద్యార్థి మొదటి ఏడాదంతా క్లాసుల్లో ఉంటాడు, రెండో ఏడాది ఉద్యోగాల వేటలో ఉంటాడు. వెళ్లాక దొరుకుతుందన్న మాట కొందరి విషయంలో నిజమవుతుంది, కానీ దాని మీద అప్పు నిలబెట్టకూడదు.

ఇంకొక సంగతి కూడా తూకం వేశాం. కంప్యూటర్ సైన్స్ పిల్లలు ఇంతే అప్పు చేసి తీర్చేస్తున్నారు కదా అంటారు. అమెరికాలో నీరు, మురుగు రంగం ఉద్యోగాల్లో పెద్ద వాటా స్థానిక ప్రభుత్వ సంస్థలది. అవి వీసా స్పాన్సర్ చేయడం అరుదు. మిగిలేవి కన్సల్టింగ్ కంపెనీలు, వాటిలో మొదటి జీతాలు సాఫ్ట్‌వేర్ స్థాయిలో ఉండవు. అప్పు అంతే, తీర్చే జీతం వేరు. ఆ లెక్క కాగితం మీద వేశాక డిపాజిట్ కట్టొద్దని ఆమే తేల్చింది. ఒక యూనివర్సిటీ అడ్మిషన్‌ను ఏడాది వాయిదా వేయడానికి ఒప్పుకుంది, అది ఉంచుకున్నాం.

ఈపోస్ ఎందుకు తప్పిందో చూశాం

ఇక్కడే ఎక్కువ సమయం గడిపాం.

తిరస్కరణ లేఖలో కారణం లేదు, మర్యాద వాక్యాలే. దరఖాస్తు తెరిచి చూస్తే కారణాలు కనిపించాయి. ఈపోస్ మామూలు మెరిట్ స్కాలర్‌షిప్ కాదు. అభివృద్ధి చెందుతున్న దేశాల్లో పనిచేస్తున్న వృత్తి నిపుణులకు జర్మనీ ఇచ్చేది. డిగ్రీ తర్వాత కనీసం రెండేళ్ల అనుభవం ఉండాలి, ఆ డిగ్రీ మామూలుగా ఆరేళ్లకంటే పాతది కాకూడదు. ఆమె పద్నాలుగు నెలలకే పెట్టింది. కోర్సు మొదలయ్యేసరికి రెండేళ్లు నిండుతాయి కదా అని ఎవరో చెప్పారట. అలా కుదరదు, దరఖాస్తు నాటికే ఉండాలి. కాబట్టి ఆ తిరస్కరణ ఆమె ప్రతిభ మీద తీర్పేమీ కాదని ముందు చెప్పాను. పిల్లలు ఇలాంటి లేఖ ఒకటి వస్తే చాలు, తాము పనికిరామని తీర్మానించుకుంటారు.

కానీ రెండేళ్లు నిండి ఉన్నా ఆ ఉత్తరంతో వచ్చేది కాదు. రెండు పేజీల మోటివేషన్ లెటర్. చిన్నప్పటి నుంచీ ప్రకృతి అంటే ఇష్టమని మొదలై, ఇంటి కష్టాలు ఒక పేరా, నల్గొండ ఫ్లోరైడ్ బాధల మీద అర పేజీ. ఆమె ఫ్లోరైడ్ మీద ఎన్నడూ పనిచేయలేదు. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ తయారు చేసిందని, ఆ పద్ధతి పేరే నల్గొండ టెక్నిక్ అని ఆ అర పేజీలో ఒక్క ముక్క లేదు. చదివే జర్మన్ ప్రొఫెసర్‌కు అది తెలిసే ఉంటుంది. రోజూ ఎనిమిది గంటలు చేస్తున్న ఎస్‌టీపీ పని గురించి మాత్రం రెండే వాక్యాలు.

ఎందుకలా రాశావని అడిగితే, "మురుగు పని గురించి ఏం రాస్తాం సార్, ఎవరికి నచ్చుతుంది?" అంది.

ఈ కేసు మొత్తానికి కీలకం ఆ జవాబు. మన దగ్గర స్కాలర్‌షిప్ అంటే బీదరికానికో మార్కులకో ఇచ్చేదని అలవాటు. ఆదాయ ధ్రువపత్రం, మార్కుల మెమో పెడితే వస్తుంది. కొన్ని పథకాలు అలాంటివే, అక్కడ అలాగే అడగాలి. ఇంకొన్ని మాత్రం ఒక పని జరగడం కోసం డబ్బు పెడతాయి, ఆ పని ఇతను చేస్తాడా అని చూస్తాయి. అలాంటిచోట కష్టాలు రాస్తే చదివేవాళ్లు జాలిపడి పక్కన పెడతారు.

గేట్, ఎరాస్మస్

అక్టోబరు ఈపోస్ గడువుకు ఆమెకు రెండేళ్లు దాటతాయి. ఈలోపు చేయి ఖాళీగా ఉండకూడదని గేట్‌కు కూర్చోమన్నాను. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది, ఏ దారి మూసుకున్నా స్టైపెండ్‌తో ఎంటెక్ మిగులుతుంది. ఏ పేపరన్న ప్రశ్న వచ్చింది. 2021 నుంచి ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ అండ్ ఇంజనీరింగ్‌కు విడిగా ఈఎస్ పేపరుంది. అందులో ఆమె రోజువారీ పనే సగం సిలబస్. కానీ సీట్లు, ప్రభుత్వరంగ సంస్థల ఉద్యోగాలు సివిల్ పేపరుతో ఎక్కువ. రెండూ రాసే వీలుంది కాబట్టి రెండూ కట్టించాం, చదువు మాత్రం ఈఎస్ మీదే పెట్టమన్నాను. ఉద్యోగం చేస్తూ రెండు సిలబస్‌లు మోయడం ఎవరివల్లా కాదు.

యూరోపియన్ యూనియన్ డబ్బిచ్చే ఎరాస్మస్ ముండస్‌లో ఘెంట్, ప్రాగ్, డెల్ఫ్ట్ మూడుచోట్లా చదివించే ఐమేట్ కోర్సుకు ఆమె పట్టుబట్టి దరఖాస్తు పెట్టింది. నెలకు 1,400 యూరోలు వస్తాయి, అనుభవం తప్పనిసరి కాదు. అందుకే ప్రపంచం నలుమూలల నుంచి మంచి మార్కులవాళ్లు పోటీకి వస్తారు. 7.4 సీజీపీఏ, ఒక బ్యాక్‌లాగ్‌తో కష్టమని నా అంచనా. పెట్టొద్దని అనలేదు, దానికి రుసుమేమీ లేదు, పోయేది రెండు ఆదివారాలు. రాలేదు.

ఉత్తరం కంటే ముందు కాగితాలు

ఈపోస్ రెండో ప్రయత్నంలో మొదటి చిక్కు ఉత్తరం దగ్గర రాలేదు, అనుభవ ధ్రువపత్రం దగ్గర వచ్చింది. ఆమె పనిచేసేది ఒక సంస్థలో, నియామక పత్రం ఇచ్చింది మనుషుల్ని సరఫరా చేసే ఇంకో ఏజెన్సీ. మొదటి రెండు నెలల జీతం చేతికే ఇచ్చారు. మన దగ్గర ప్లాంట్లలో ఇది మామూలు. బయటివాళ్లు చూస్తే మాత్రం ఆమె ఎక్కడ పనిచేసిందో అర్థం కాదు. ఈపీఎఫ్ పాస్‌బుక్ తీయించాం. అందులో నెలవారీ జమలున్నాయి, చేరిన తేదీ ఉంది. చేతికి జీతం తీసుకున్న ఆ రెండు నెలలను లెక్కలోంచి తీసేశాం, అయినా రెండేళ్లు నిండుతున్నాయి. రుజువు లేని నెలలు వేసి సంఖ్య పెంచితే మిగతా నెలల మీద కూడా అనుమానం వస్తుంది.

యజమాని సిఫారసు ఉత్తరం కూడా కావాలి, లెటర్‌హెడ్, సంతకం, ముద్రతో సహా. హెచ్‌ఆర్ వాళ్లు వెళ్లిపోయే మనిషికి ఎందుకివ్వాలి అన్నట్టు నాన్చారు. ఆమె నేరుగా ఆపరేషన్స్ మేనేజర్ దగ్గరికి వెళ్లింది. రాత్రి షిఫ్టులో బ్లోయర్ (ట్యాంకులోకి గాలి కొట్టే యంత్రం) కాలితే ఆమె ఏం చేసిందో చూసినవాడు ఆయనే. ఆయన రాసిన ఉత్తరంలో ఇంగ్లిషు గొప్పగా లేదు, నేను దిద్దించలేదు. అందులో తేదీలున్నాయి, పనులున్నాయి.

ఇంకో నిర్ణయం కూడా ఇదే సమయంలో జరిగింది. ఆ సంస్థకు ఒక మున్సిపాలిటీలో మలబురద శుద్ధి ప్లాంటు నిర్వహణ వచ్చింది. అక్కడికి బదిలీ అడగమన్నాను. దూరం ఎక్కువ, జీతం అంతే, ఇంట్లో టెన్షన్. అయినా అడగమనడానికి కారణం ఇది: ప్రైవేటు అపార్ట్‌మెంట్‌లో పనిచేసిన అనుభవం కంటే సెప్టిక్ ట్యాంకుల మీదే ఆధారపడిన ఊరికి చేసే పని ఈపోస్ ఉద్దేశానికి దగ్గర. దరఖాస్తులో చూపించడానికే అయితే నేను ఆ సలహా ఇచ్చేవాణ్ణి కాదు. కోర్సు చేసి వచ్చాక తాను చేయాలనుకుంటున్నది చిన్న ఊళ్ల పారిశుద్ధ్యమేనని ఆమె ముందే అంది. ఆ మాటకు చేసిన పని కూడా తోడుగా ఉండాలి కదా. ఆమె వెళ్లింది.

కొత్త ఉత్తరం

మొదటి పేరా అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీలో మొదలైంది. కరెంటు బిల్లు తగ్గించమని సంఘం వాళ్ల ఒత్తిడి, రాత్రంతా బ్లోయర్లు ఆపేయడం, పొద్దున అందరూ స్నానాలు చేసే వేళకు గాలి కొట్టే ఏరేషన్ ట్యాంకులో డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) దాదాపు సున్నా, బురద కిందికి దిగాల్సిన క్లారిఫయర్‌లో అది పైకి తేలడం. ఆమె డీఓ మీటరు పట్టుకుని రాత్రుళ్లు రీడింగులు తీసి, బ్లోయర్లు మొత్తం ఆపకుండా మధ్యమధ్య కాసేపు నడిపితే ఎస్‌వీ30 ఎలా మారుతుందో లాగ్‌బుక్‌లో రాసింది. కొంత కుదుటపడింది, అమ్మోనియా మాత్రం తగ్గలేదు.

అమ్మోనియా తగ్గలేదన్న వాక్యం తీసేద్దామంది. ఉంచమన్నాను. అన్నీ సాధించేసినవాళ్లకు మాస్టర్స్ ఎందుకు? ఏది తెలియక ఆగిపోయిందో చెబితేనే ఆ కోర్సు ఎందుకో తెలుస్తుంది. ఆ వాక్యం వెంటనే కోర్సులోని నత్రజని తొలగింపు, ప్రాసెస్ కంట్రోల్ సబ్జెక్టుల పేర్లు వచ్చాయి. తర్వాతి పేరా నిబంధనల గురించి: శుద్ధి చేసిన నీటిలో బీఓడీ మెట్రో నగరాల్లో లీటరుకు 20 మిల్లీగ్రాములు మించకూడదని 2017 నోటిఫికేషన్, దాన్ని 10కి బిగించమని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ (ఎన్‌జీటీ) ఉత్తర్వు, కింద ప్లాంటులో వాటిని అందుకోవాల్సిన మనుషులకు శిక్షణ లేకపోవడం. చివర్లో మున్సిపల్ ప్లాంటు అనుభవం, తిరిగొచ్చాక చేయదలచిన పని. ప్రకృతి మీద ఇష్టం, ఇంటి కష్టాలు, ఫ్లోరైడ్ అన్నీ పోయాయి. తీసేసేటప్పుడు ఆమెకు బాధగానే ఉంది. అవి అబద్ధాలు కావు, అక్కడ అడిగినవి కావు, అంతే.

కోర్సుల ఎంపికలోనూ ఇదే చూశాం. ఈపోస్ జాబితాలో నీటికి సంబంధించినవి కొన్నే, స్టుట్‌గార్ట్, డ్రెస్డెన్ లాంటి చోట్ల ఉన్నాయి. యూనివర్సిటీ ర్యాంకు ముఖ్యం కాదు, ఆమె ఉత్తరంలోని ప్రశ్నకు ఏ కోర్సు సిలబస్‌లో జవాబుందన్నదే ముఖ్యం. దరఖాస్తు వెళ్లేది కూడా ముందు కోర్సుకే, అక్కడివాళ్లు ఎంచినవే డీఏఏడీకి సిఫారసు అవుతాయి.

ఫలితం

కోర్సు కమిటీ సిఫారసు చేసింది, డీఏఏడీ ఒప్పుకుంది. ఇంచుమించు అదే సమయంలో గేట్ ఈఎస్ స్కోరుతో ఒక ఎంటెక్ సీటు కూడా చేతికొచ్చింది. సివిల్ పేపరు పెద్దగా రాలేదు.

రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. ఇక్కడి ఎంటెక్‌తో నెలకు 12,400, ఇంటికి దగ్గర, అయ్యాక క్యాంపస్ ఉద్యోగానికో పీహెచ్‌డీకో దారి. ఈపోస్‌తో నెలకు 992 యూరోలు, ఆరోగ్య బీమా, ప్రయాణ ఖర్చు, చదువుకు ముందు జర్మన్ భాషా శిక్షణ. సొంతంగా జర్మనీకి వెళ్లేవాళ్లు చూపించాల్సిన 11,904 యూరోల బ్లాక్డ్ అకౌంట్ (ఖర్చులకు ముందే జమ చేసి చూపే ఖాతా) ఈ స్కాలర్‌షిప్ ఉంటే అక్కర్లేదు, మన డిగ్రీ పత్రాలు అసలైనవేనని ధ్రువీకరించే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా. డబ్బొక్కటే చూస్తే ఆలోచించే పనే లేదు. నేను అడిగింది వేరే: తిరిగొచ్చి ఈ రంగంలోనే, ఈ జీతాల్లోనే ఉంటావా? ఈపోస్ వాళ్లు ఆశించేది అదే. ఉండనంటే ఎంటెక్ మేలు. ఆమె రెండు రోజులు ఆలోచించి జర్మనీ అంది. వాయిదాలో ఉన్న అమెరికా అడ్మిషన్‌ను వదిలేసింది.

తండ్రికి చాలాసేపు నమ్మకం కుదరలేదు. "చదువుకునేటోళ్లకే వాళ్లు నెలనెలా పైసలిస్తరా సార్? మళ్ల కట్టేది లేదా?" అని రెండు మూడుసార్లు అడిగాడు.

ఈ కేసు తర్వాత

నా దగ్గరికి వచ్చేవాళ్లను ఇప్పుడు ముందుగా అడిగేవి ప్రొవిజనల్ సర్టిఫికెట్ మీద తేదీ, ఈపీఎఫ్ పాస్‌బుక్, గేట్ రాశారా లేదా. ఏ తలుపు ఏ నెలలో తెరుచుకుంటుందో, ఏ నెలలో మూసుకుపోతుందో ఈ మూడింటితో సగం తేలిపోతుంది. అనుభవానికి రెండేళ్లు నిండాలి, డిగ్రీకి ఆరేళ్లు దాటకూడదు. మధ్యలో ఉండేది నాలుగేళ్లే. ఆ నాలుగేళ్లలో ఏ పని చేశారన్నది తర్వాతి ప్రశ్న.

ఈ దారి అందరికీ కాదు. ఫైనల్ ఇయర్‌లోనే తొమ్మిది దగ్గర సీజీపీఏ ఉన్నవాళ్లు ఎరాస్మస్‌ను వదులుకోకూడదు, వాళ్లకు రెండేళ్లు ఆగమని చెప్పడం నష్టం. పరిశోధన మీద నిజంగా మనసున్నవాళ్లు అమెరికాలో ఎంఎస్‌కు కాకుండా నేరుగా పీహెచ్‌డీకి దరఖాస్తు పెడితే ఫండింగ్ లెక్కే మారిపోతుంది. బీఎస్సీ, ఎమ్మెస్సీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ వాళ్లది ఇంకో దారి, వాళ్లు యూజీసీ నెట్ పరీక్షతో వచ్చే పరిశోధన ఫెలోషిప్ జేఆర్ఎఫ్ వైపు చూడాలి. అది ఇప్పుడు నెలకు 37,000. బీటెక్ అయి ఉద్యోగం దొరక్క ఇంట్లో ఉన్నవాళ్లకు మాత్రం నేను ఎస్‌టీపీ కాంట్రాక్టర్ల నంబర్లు ఇస్తున్నాను. పీఎఫ్ కట్టే చోటే చేరమని చెబుతున్నాను.